వారాంతపు తెలుగు బడి, హైస్కూలు క్రెడిట్: వాషింగ్టన్ రాష్ట్రంలోని ఏర్పాటు ఎంతవరకు పనికొస్తుంది?

సియాటిల్‌కు తూర్పున బెల్వ్యూ, రెడ్‌మండ్, సమామిష్ వైపు తెలుగు ఇళ్ళలో ఒక వరస ఉంది. ఎనిమిదో తరగతి దాకా పిల్లలు శని, ఆదివారాల్లో తెలుగు బడికి బాగానే వెళ్తారు. హైస్కూల్లో అడుగు పెట్టగానే స్పానిష్, రోబోటిక్స్, ఈత పోటీలు వచ్చి పడతాయి, తెలుగు వెనక్కి పోతుంది. ‘దానికి మార్కులు లేవు కదా’ అన్న పిల్లల మాటకు పెద్దల దగ్గర చాలాకాలం జవాబు లేదు. ఇప్పుడు ఉంది. బయట నేర్చుకున్న భాషకు పరీక్ష పెట్టి, దాని ఫలితాన్నిబట్టి మామూలు ప్రభుత్వ హైస్కూలే తన ట్రాన్‌స్క్రిప్ట్‌లో (చదువు రికార్డులో) క్రెడిట్లు, అంటే పట్టాకు లెక్కలోకి వచ్చే చదువు యూనిట్లు, వేస్తుంది. వారాంతపు బడి, స్కూల్ డిస్ట్రిక్ట్ (ఒక ప్రాంతంలోని ప్రభుత్వ బడుల్ని నడిపే సంస్థ), పరీక్ష పెట్టే సంస్థ, ఈ ముగ్గురూ కలిస్తేనే నడిచే సేవ ఇది. ఎవరి పని వాళ్ళు చేశాం అనుకుని ఊరుకుంటే మధ్యలో పిల్లవాడు నష్టపోతాడు.

మా తీర్పు ముందే చెప్పేస్తున్నాం: ఏర్పాటు మంచిది, వాడుకోవాలి. కానీ ‘మావాడు ఇంట్లో గలగలా తెలుగు మాట్లాడతాడు, నాలుగు క్రెడిట్లూ వస్తాయి’ అని ధీమాగా వెళ్ళినవాళ్ళు ఒక క్రెడిట్‌తో తిరిగొచ్చే అవకాశం నిండా ఉంది.

లెక్క ఇలా ఉంటుంది. రాష్ట్రంలోని డిస్ట్రిక్టులు అనుసరించే నమూనా విధానం ప్రకారం నావిస్ (ప్రారంభ దశ) మిడ్ స్థాయికి 1 క్రెడిట్, నావిస్ హైకి 2, ఇంటర్మీడియట్ ‘లో’ (కింది మెట్టు) స్థాయికి 3, ఇంటర్మీడియట్ మిడ్‌కి 4. (మన ఊళ్ళో ఇంటర్ అంటే పదో తరగతి తరువాతి రెండేళ్ళు. దానికీ దీనికీ ఏ సంబంధమూ లేదు. ఇక్కడ ఇంటర్మీడియట్ అంటే సొంతంగా వాక్యాలు కట్టగలిగే మధ్యస్థ స్థాయి.) పట్టాకు కావలసిన 24 క్రెడిట్లలో ప్రపంచ భాషలకు 2 కేటాయించారు. వాటికి బదులు వేరే సబ్జెక్టులు తీసుకునే వెసులుబాటు ఉన్నా, రాష్ట్ర ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో నాలుగేళ్ళ డిగ్రీకి వెళ్ళాలంటే భాషకు 2 ఉండాల్సిందే. కాబట్టి నావిస్ హై తెచ్చుకున్నా అసలు పని అయిపోయినట్టే. ఇంటర్మీడియట్ మిడ్ వస్తే 4 క్రెడిట్లతో పాటు ద్విభాషా ముద్రకూ అర్హత వస్తుంది, ఇంగ్లిషులో పట్టా అర్హతలు తీరి ఉంటే. సీల్ ఆఫ్ బైలిటరసీ అనే ఈ ముద్రను అమెరికాలో మొదట చట్టం చేసింది కాలిఫోర్నియా, 2011లో. వాషింగ్టన్‌లో చట్టం 2014లో వచ్చింది.

చిక్కంతా ఆ క్రెడిట్లు తేల్చే తీరులో ఉంది. వినడం, మాట్లాడడం, చదవడం, రాయడం అని నాలుగు నైపుణ్యాలు. నాలుగింటి సగటు తీసుకోరు. నాలుగింటిలోనూ ఉమ్మడిగా అందుకున్న స్థాయినే, అంటే అన్నిటికంటే తక్కువ వచ్చినదాన్నే లెక్కలోకి తీసుకుంటారు. మాట్లాడడంలో ఇంటర్మీడియట్ మిడ్ వచ్చి రాయడంలో నావిస్ మిడ్ వస్తే వచ్చేది 1 క్రెడిట్. మూడు కాళ్ళు ఎంత పొడుగున్నా పొట్టి కాలు ఉన్న బల్ల వాలిపోతుంది. మన పిల్లల విషయంలో ఆ పొట్టి కాలు రాతే.

ఇంకో పద్ధతి కూడా ఉండేది కదా, తరగతికి వచ్చిన గంటలు లెక్కేసి క్రెడిట్ ఇవ్వొచ్చు కదా అని తల్లిదండ్రులు అడుగుతారు. లెక్క కుదరదు. వారానికి 2 గంటలు, ఏడాదికి 30 వారాలు అనుకుంటే 60 గంటలు. అమెరికాలో హైస్కూలు క్రెడిట్‌కు పాతకాలం నుంచి కొలమానంగా ఉన్న కార్నెగీ యూనిట్ 120 గంటలు. అంటే వారాంతపు బడిలో రెండేళ్ళు కూర్చుంటే ఒక క్రెడిట్. పైగా ఇంట్లో నాయనమ్మ దగ్గర నేర్చుకున్న తెలుగుకు అందులో చోటే లేదు. పరీక్ష పద్ధతి ఎక్కడ నేర్చుకున్నావని అడగదు. బడికి ఒక్క రోజు కూడా రాని పిల్లవాడైనా రాయొచ్చు. ఈ ఏర్పాటులో మాకు అన్నిటికంటే నచ్చింది ఇదే.

తెలుగుకు ఎక్కువగా వాడేది అవాంట్ సంస్థ వారి స్టాంప్ డబ్ల్యూఎస్ పరీక్ష. తమిళం, కన్నడం, మరాఠీ, ఉర్దూ కూడా అందులో ఉన్నాయి. కాలేజ్ బోర్డు వారి ఏపీ (హైస్కూల్లోనే రాసే కాలేజీ స్థాయి) పరీక్షల్లో తెలుగు లేదు కనుక ‘ఏపీ తెలుగు రాస్తే పోలా’ అన్న దారి లేదు. (ఏపీ అనగానే ఆంధ్రప్రదేశ్ గుర్తొచ్చేవాళ్ళకు ఈ వాక్యం కాస్త వింతగానే ఉంటుంది.) పరీక్ష కంప్యూటర్ మీద రాయాలి. మాట్లాడే భాగం హెడ్‌సెట్‌లో రికార్డవుతుంది, రాసేది టైపు చేయాలి, ఆ రెండింటినీ మనుషులే విని, చదివి స్థాయి నిర్ణయిస్తారు.

ఆ దిద్దేవాళ్ళు ఏం చూస్తారో తెలియకపోతే ఏళ్ళ తరబడి చేసిన సాధన పక్కదారి పడుతుంది. ఒక ప్రశ్న ఊహించుకుందాం: ‘వేరే ఊరి నుంచి నీ స్నేహితుడు వస్తున్నాడు. రెండు రోజులు ఏం చేద్దామో అతనికి రాయి.’ స్థాయిల నిర్వచనాలు చదివి, ఏ స్థాయి జవాబు ఎలా ఉంటుందో మేము అల్లి చూపిస్తున్నాం.

నావిస్ మిడ్: ‘శనివారం పార్కు. సినిమా. బిర్యానీ. ఆదివారం ఆట.’

నావిస్ హై: ‘మనం పార్కు వెళ్తాం. సినిమా చూస్తాం. బిర్యానీ చాలా ఇష్టం. ఆదివారం క్రికెట్.’

ఇంటర్మీడియట్ లో: ‘శనివారం మనం పార్కుకు వెళ్దాం. అక్కడ క్రికెట్ ఆడదాం. తరువాత ఇంటికి వద్దాం. అమ్మ బిర్యానీ చేస్తుంది. నీకు బిర్యానీ ఇష్టమా?’

ఇంటర్మీడియట్ మిడ్: ‘శనివారం వాన పడకపోతే పొద్దున్నే పార్కుకు వెళ్ళి క్రికెట్ ఆడదాం. నువ్వు అలిసిపోతే చెట్టు కింద కూర్చుని అమ్మ కట్టిచ్చిన పులిహోర తిందాం. పోయినసారి నువ్వు వచ్చినప్పుడు సరస్సు చూడలేదు కదా, అందుకని ఆదివారం అక్కడికి తీసుకెళ్తాను.’

మూడో జవాబుకూ నాలుగో జవాబుకూ తేడా పెద్ద పెద్ద మాటల్లో లేదు. పులిహోర, సరస్సు తీసేసినా స్థాయి తగ్గదు. తేడా అంతా వాక్యాన్ని వాక్యానికి ముడేసే రూపాల్లో ఉంది: ‘వెళ్ళి, కూర్చుని’, ‘పడకపోతే’, ‘అలిసిపోతే’, ‘కట్టిచ్చిన’, ‘వచ్చినప్పుడు’, ‘అందుకని’. విచిత్రం ఏమిటంటే, ‘నువ్వు వస్తే నేనూ వస్తా’, ‘తిని వెళ్ళు’ లాంటివి మన పిల్లలు ఇంట్లో రోజూ అంటూనే ఉంటారు. రాతలోకి వచ్చేసరికి అవి మాయమై ‘నేను వెళ్తాను. నేను తింటాను. నేను ఆడతాను’ అని ఒక్కో వాక్యమూ గోడకు కొట్టిన మేకులా నిలబడుతుంది. కారణం సులువుగానే దొరుకుతుంది. బడిలో అక్షరాలు, గుణింతాలు, ఒత్తులు, ఆపై పదాలు, ఆపై చిన్న వాక్యాలు, అక్కడితో సంవత్సరం అయిపోతుంది. పై తరగతుల్లో పద్యాలు, నీతికథలు చదివించి ప్రశ్నలకు జవాబులు రాయిస్తారు. ఆ జవాబులు పాఠంలోంచి ఎత్తి రాసేవే. సొంతంగా నాలుగు వాక్యాలు కట్టమని అడిగే వారాలు ఏడాదిలో వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు.

సుమతీ శతకం వద్దని కాదు. ‘అక్కరకు రాని చుట్టము’ పద్యం నోటికి వచ్చిన పిల్లవాడికి చెవి బాగా తయారవుతుంది. పరీక్షలో మాత్రం దానికి చోటు లేదు. కంఠస్థం చేసింది ఎంత ఉన్నా నావిస్ స్థాయి దాటదు, ఎందుకంటే ఆ స్థాయి నిర్వచనమే నేర్చుకున్న మాటల్ని తిరిగి చెప్పడం.

ఇంగ్లిషు కలిపితే ఏమవుతుందని అందరూ అడుగుతారు. బస్సు, ఫోను, పార్కు లాంటివి తెలుగే, భయం లేదు. ‘ఫ్రెండ్స్‌తో హ్యాంగవుట్ చేసి ఫన్ చేశాం’ అంటే మాత్రం దెబ్బ. తెలుగు తప్ప ఇంకో భాష రాని మనిషికి ఆ వాక్యం అర్థమవుతుందా అన్నది మంచి గీటురాయి. మాండలికం గురించి కంగారు పడక్కర్లేదు. ‘పోదాం’ అన్నా ‘వెళ్దాం’ అన్నా, ‘వస్తుండు’ అన్నా ‘వస్తున్నాడు’ అన్నా వాక్యం వాక్యమే. ఇంట్లో మాట్లాడే తీరును పుస్తకాల తీరుకు మార్చబోయి పిల్లవాణ్ణి తడబడేలా చేసే గురువులు ఉన్నారు, అది అనవసరమైన శ్రమ.

ఇక కీబోర్డు. ఈ సేవలో అన్నిటికంటే ఎక్కువగా నిర్లక్ష్యం జరిగేది ఇక్కడే. ఆరేళ్ళు నోటుబుక్కులో గుండ్రటి అక్షరాలు దిద్దిన పిల్ల పరీక్ష రోజున తొలిసారి తెలుగు టైపు చేస్తుంది. వ్యవధి ఉండగానే ఏ కీబోర్డు వాడనిస్తారో డిస్ట్రిక్ట్ పరీక్షల సమన్వయకర్తను అడిగి రాతపూర్వకంగా తెలుసుకోండి. వాడుకలో ముఖ్యంగా రెండు రకాలు. భారతీయ భాషల ప్రామాణిక కీబోర్డు అమరిక అయిన ఇన్‌స్క్రిప్ట్‌లో ఒత్తు అంటే కింద గీసే బొమ్మ కాదు, హల్లు, దాని తరువాత పొల్లు, మళ్ళీ హల్లు. పొల్లు ఇంగ్లిషు ‘డి’ మీట మీద ఉంటుంది. ఇది ఒకసారి బుర్రకెక్కితే వేగంగా వస్తుంది, కానీ రెండు మూడు నెలలు పడుతుంది. ఫోనెటిక్ పద్ధతిలో ఇంగ్లిషు అక్షరాలతో కొట్టుకుంటూ పోవచ్చు కనుక ఇక్కడి పిల్లలకు ఒకటి రెండు వారాల్లో అలవాటవుతుంది. విండోస్‌లో తెలుగు ఫోనెటిక్ 2019 నుంచి విడిగా ఏమీ దించుకోకుండానే దొరుకుతోంది. దాని తిప్పలు దానికున్నాయి. ల, ళ తేడా, త, ట తేడా పెద్దక్షరం, చిన్నక్షరంతో వస్తుంది. మామూలు ‘ఎల్’ రెండుసార్లు నొక్కితే ‘వెళ్ళి’ కాస్తా ‘వెల్లి’ అవుతుంది. ఒకటి రెండు ఇలాంటివి అర్థాన్ని చెడగొట్టవు. వాక్యానికి మూడు చొప్పున ఉంటే చదివేవాళ్ళు ఆగి ఆగి చదవాలి, స్థాయి కిందికి జారుతుంది.

బడి క్రోమ్‌బుక్‌లలో ఇంకో తాళం ఉంటుంది. కొత్త భాషా కీబోర్డు చేర్చే అధికారం విద్యార్థి ఖాతాకు ఇవ్వరు. డిస్ట్రిక్ట్ ఐటీ వాళ్ళే చేర్చాలి. పరీక్షకు కనీసం రెండు వారాల ముందు అభ్యర్థన పెట్టి, పరీక్ష గదిలో వాడబోయే ఆ యంత్రం మీదే ‘శ్రీ, క్ష, జ్ఞ, వెళ్ళి, స్నేహితుడు’ అని కొట్టి చూడమని అడగాలి. స్నేహితుడు సరిగ్గా పడితే మిగతావి పడతాయి. మామూలు రోజుల్లో తెలుగు ఎవరూ వాడరు కాబట్టి ఈ పరీక్ష వాళ్ళంతట వాళ్ళు చేయరు, అది వాళ్ళ తప్పు కూడా కాదు. అడగాల్సింది వారాంతపు బడివాళ్ళు.

తయారీకి 12 వారాలు చాలు, అక్షరాలు వచ్చిన పిల్లవాడైతే. రెండు గంటల తరగతిలో 35 నిమిషాలు దీనికి తీస్తే సరిపోతుంది: 10 నిమిషాలు టైపింగ్, 15 నిమిషాలు ఒక సందర్భానికి సొంత జవాబు, 10 నిమిషాలు ఆ జవాబునే మళ్ళీ రాయడం. మూడోదాన్ని చాలామంది వదిలేస్తారు, ఫలితం మాత్రం దానిదే. మొదటిసారి రాసిన ఎనిమిది పొడి వాక్యాల్ని ‘-ఇ, -తే, -కపోతే, -నప్పుడు, -న, కాబట్టి’ వాడి నాలుగైదు వాక్యాలుగా ముడెయ్యమనాలి. ఎర్ర సిరాతో అక్షరదోషాలు దిద్ది ఇచ్చేస్తే పిల్లవాడు అక్షరదోషాలు తగ్గించుకుంటాడు, వాక్యం మాత్రం ఎదగదు. మాట్లాడే భాగానికి వారానికి ఒకసారి ఫోన్లో ఒక నిమిషం పైగా రికార్డు చేయించండి. ఎదురుగా మనిషి లేకుండా యంత్రంతో మాట్లాడడం ఇబ్బందే. ఇంట్లో ధారాళంగా మాట్లాడే పిల్లలే ఇక్కడ రెండు ముక్కలు చెప్పి ఆగిపోతారు. అడిగినవాళ్ళు లేరు కాబట్టి ‘ఆ తరువాత?’ అనేవాళ్ళూ ఉండరు.

పరీక్ష రోజుకు సగం పూట కేటాయించుకోవాలి. పర్యవేక్షణ డిస్ట్రిక్ట్ సిబ్బందిదే ఉండాలి. తెలుగు బడి గురువు ఆ గదిలో నిలబడితే సాయపడాలనే ఉద్దేశం లేకపోయినా ఫలితం మీద అనుమానం వస్తుంది, దూరంగా ఉండడమే మర్యాద. ఒకే గదిలో ముప్పైమంది ఒకేసారి మాట్లాడితే ఒకరి మైకులో ఇంకొకరి గొంతు పడుతుంది. మధ్యలో ఒక కుర్చీ ఖాళీగా వదలమని అడగండి, లేదా రెండు జట్లుగా పెట్టమనండి. ఒక్కో డిస్ట్రిక్టులో తెలుగు రాసేవాళ్ళు కొద్దిమందే కాబట్టి ఇతర భాషల పిల్లలతో కలిపి ఏడాదికి కొన్ని తేదీలే పెడతారు. తేదీ తప్పితే మళ్ళీ నెలలు. ఫీజు డిస్ట్రిక్టును బట్టి మారుతుంది, రాయితీ ఉందేమో కౌన్సెలర్‌ని అడగడానికి మొహమాటపడొద్దు.

వచ్చిన క్రెడిట్ సాధారణంగా ‘పాస్’ అని పడుతుంది, అక్షర గ్రేడు ఉండదు. జీపీఏ (గ్రేడ్ల సగటు) పెరగదు, తగ్గదు. రాష్ట్రం బయటి కాలేజీలు, ముఖ్యంగా ప్రైవేటువి, తరగతి గదిలో వరసగా చదివిన భాషా సంవత్సరాలు చూడాలనుకోవచ్చు. అలాంటి చోటికి వెళ్ళే ఆలోచన ఉంటే అడ్మిషన్ ఆఫీసును అడిగాకే స్పానిష్ వదిలేయండి.

కాలిఫోర్నియా దారి వేరు. అక్కడ భాషా బడి తన పాఠ్యక్రమానికి గుర్తింపు తెచ్చుకుని, ఆ చదువుకే డిస్ట్రిక్ట్ చేత క్రెడిట్ ఇప్పించుకునే పద్ధతి నడుస్తోంది. 2007లో మొదలైన సిలికానాంధ్ర మనబడికి వాస్క్ (బడులకు గుర్తింపు ఇచ్చే అమెరికా సంస్థ) గుర్తింపు ఉండడం ఇందుకే పనికొస్తుంది. అయితే బడికి గుర్తింపు ఉండడం ఒకటి, మీ పిల్లవాడి హైస్కూలు క్రెడిట్ ఇవ్వడం ఇంకొకటి. బయటి క్రెడిట్‌కు ముందస్తు అనుమతి పత్రం మీద కౌన్సెలర్ సంతకం సెప్టెంబరులోనే తీసుకోవాలి. కోర్సు అయ్యాక మేలో పత్రాలు పట్టుకుని వెళ్తే ‘ముందే అడగాల్సింది’ అంటారు. మనబడి పిల్లలకు పొట్టి శ్రీరాములు తెలుగు విశ్వవిద్యాలయం ఇచ్చిన సర్టిఫికెట్లు ఇంట్లో ఫ్రేము కట్టుకోదగ్గవే, కానీ అమెరికన్ హైస్కూలుకు అవి వాటంతట అవే క్రెడిట్ కావు. రెండు దారుల్లో మాకు వాషింగ్టన్‌దే నచ్చింది. బడి పేరుతో పనిలేకుండా భాష వచ్చా రాదా అని మాత్రమే చూస్తుంది.

భాగస్వామ్యంలో ఇంకో సగం గదుల సంగతి, క్లుప్తంగా. వారాంతానికి ప్రభుత్వ బడి గదులు అద్దెకు తీసుకునేటప్పుడు లాభాపేక్ష లేని సంస్థగా నమోదై ఉంటే అద్దె తక్కువ పడుతుంది. బాధ్యత బీమా పత్రం అడుగుతారు, ఒక్కో ఘటనకు 10 లక్షల డాలర్ల మొత్తం మామూలే, అందులో డిస్ట్రిక్ట్ పేరు కూడా చేర్చాలి. అద్దెకంటే శనివారం తాళం తీసే కస్టోడియన్ గంటల ఖర్చే కొన్నిచోట్ల ఎక్కువవుతుంది. ఒక్కో తరగతికి ఒక్కో గది కాకుండా ఒకే భవనంలో పక్కపక్క గదులు అడిగితే ఆ ఖర్చు కలిసొస్తుంది. కాలేజీ ప్రవేశాలకు రాసే ఎస్ఏటీ పరీక్ష జరిగే శనివారాల్లో గది దొరకదు, ఆ తేదీలు ముందే క్యాలెండరులో కొట్టేసుకోండి. లోపలికి రాగానే గదిని నాలుగు మూలల నుంచి ఫొటో తీసి, వెళ్ళేటప్పుడు ఆ ఫొటో చూసి బల్లలు సర్దండి. తెల్లబోర్డు మీద ‘చెరపవద్దు’ అని రాసి ఉన్న మూల జోలికి వెళ్ళొద్దు. వేరుశనగ ఉండలు, పల్లీ చిక్కీ తేవొద్దు. సోమవారం ఆ గదిలో కూర్చునే పిల్లలకు అలర్జీ ఉండొచ్చు. సోమవారం టీచరు నుంచి రెండు ఫిర్యాదులు వెళ్ళాయంటే క్రెడిట్ గురించి మాట్లాడడానికి ప్రిన్సిపల్ అపాయింట్‌మెంట్ దొరకడం కష్టమే.

మార్కులు వేయమంటే ఏర్పాటుకు 5కి 4, అమలుకు రెండున్నర. అక్షరాలు కూడబలుక్కుని చదివే పిల్లలకు తొందరపడి పరీక్ష పెట్టించొద్దు, ఒక క్రెడిట్‌తో ట్రాన్‌స్క్రిప్ట్‌లో మిగిలిపోతుంది. పదో తరగతి అనువైన సమయం. తక్కువ వస్తే మళ్ళీ రాయడానికి వ్యవధి ఉంటుంది, పన్నెండో తరగతిలో అయితే ముద్రకు పేర్లు పంపే గడువుతో పరుగు పందెం.

రెండున్నరకు తగ్గించిన కారణం ఇది. ఫలితాల కాగితం డిస్ట్రిక్టుకూ కుటుంబానికీ వెళ్తుంది, నేర్పిన బడికి వెళ్ళదు. వినడంలో ఎంత, రాయడంలో ఎంత అని విడివిడిగా చూపే ఆ ఒక్క పేజీ గురువు చేతికి వస్తే వచ్చే ఏడాది ఆ 35 నిమిషాలు దేనికి వాడాలో తెలుస్తుంది. గోప్యత నియమాల వల్ల డిస్ట్రిక్ట్ ఇవ్వలేదు, తల్లిదండ్రులు ఇవ్వొచ్చు. తెలుగు బడి నమోదు పత్రంలోనే ‘ఫలితాల ప్రతి ఇస్తాం’ అని ఒక గడి పెట్టి టిక్కు చేయించుకుంటే సరి.